కొట్లో సిస్టంకి కన్నాలెక్కడున్నాయో వెతకడం, పూడ్చడం ఎలా

"ఏటి బాబూ, నా జీడిపప్పు లెక్కలు ఎవడిక్కావాలి?"

కాశీబుగ్గలో ఒక వ్యాపారి నన్నడిగిన మాట ఇది. ఆయనొక్కడే కాదు. నరసన్నపేటలో బట్టల కొట్టు, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర రక్తపరీక్షల ల్యాబ్, విజయనగరం గంటస్తంభం దగ్గర మందుల హోల్‌సేల్ షాపు, ఎక్కడికి వెళ్లినా ఇదే ప్రశ్న.

ఆయనన్నది నిజమే. ఆ లెక్కలు ఇంకెవడికీ అక్కర్లేదు, ఆయనకే కావాలి. ఫైళ్లకు తాళం వేసి తాళంచెవికి డబ్బడిగేవాడు బతికేది సరిగ్గా ఆ అవసరం మీదే. పైగా వాడు కాశీబుగ్గను వెతుక్కుంటూ రాడు. ఇంటర్నెట్‌లో మనం మామూలుగా చూసే చుక్కలతో విడదీసిన నాలుగు గుంపుల అంకెల చిరునామాలు మొత్తం కలిపి 430 కోట్ల దాకా ఉంటాయి. ఒక్క కంప్యూటర్‌ను వేగమైన లైనుకు తగిలించి, వాటన్నిటి తలుపూ ముప్పావు గంటలోపు ఒకసారి తట్టి రావచ్చని అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లోనే చేసి చూపించారు. అలా తట్టే ప్రోగ్రాములు ఇప్పుడు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. తెరిచున్న తలుపు దొరికాకే వాడికి మీరెవరో తెలుస్తుంది.

కాబట్టి ఆ తలుపులేవో వాడికంటే ముందు మనం చూసుకోవాలి. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక ఆదివారం, ఒక లాంగ్ నోటుబుక్కు, ఓపిక ఉంటే చాలు. అయిదు నుంచి ఇరవై దాకా సిస్టంలున్న కొట్టు, క్లినిక్, స్కూలు, చిన్న ఆఫీసు మనసులో పెట్టుకుని రాస్తున్నాను. రద్దీ రోజుల్లో మాత్రం పెట్టుకోకండి. పైడితల్లమ్మ సిరిమాను పండగ ముందు వారం విజయనగరంలో బట్టల షాపు సిస్టం ముట్టుకుంటే, బిల్లింగ్ ఆగిన ప్రతి నిమిషానికీ మీరే జవాబు చెప్పాలి.

ఇంకో హద్దు కూడా ముందే చెప్పాలి. కింద రాసినవన్నీ మీ సొంత సిస్టంల మీద, లేదంటే యజమాని కాగితం మీద రాసిచ్చిన సిస్టంల మీద మాత్రమే చేయాలి. అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టంలోకి వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది, నష్టపరిహారం కట్టాలి. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "బావ కొట్టే కదా" అని మొదలుపెట్టకండి. బావ చేత కూడా రెండు లైన్లు రాయించుకోండి.

ముందు పుస్తకం

ఎక్కువమంది తొందరపడి వదిలేసే మెట్టు ఇదే. నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది. ఏముందో తెలియకుండా దేన్ని కాపాడతాం?

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: వస్తువు, ఎక్కడుంది, ఎవరు వాడతారు, పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మార్చారు. ఇంటర్నెట్ వచ్చే ఫైబర్ బాక్సు దగ్గర నిలబడి ఒక్కో వైరూ చేత్తో పట్టుకుని చివరిదాకా నడవండి. సిస్టంలు, ప్రింటర్లు, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్), వేలిముద్రల హాజరు మెషిన్, జిరాక్స్ మెషిన్, గోడకున్న టీవీ, అన్నీ రాయండి. తర్వాత రూటర్ పేజీ తెరవండి, రూటరంటే ఇంటర్నెట్‌ను అన్నిటికీ పంచే బాక్సు. సిస్టంలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు వస్తుంది, చాలాచోట్ల 192.168.1.1 ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే రూటర్ పేజీ వస్తుంది. అందులో కనెక్టెడ్ డివైసెస్ జాబితా ఉంటుంది.

ఇప్పుడు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. సరిపోవు. నేను చూసిన చోట ఒక్కసారి కూడా సరిపోలేదు. పాలకొండ రోడ్డులో ఒక ఆఫీసులో యజమాని "మొత్తం ఆరండీ" అన్నారు, రూటర్ పదిహేను చూపించింది. ఆరు సిస్టంలు, ప్రింటర్, డీవీఆర్, స్టాఫ్ ఫోన్లు నాలుగు, అక్కడికి పన్నెండు. మిగతా మూడూ మేడ మీద అద్దెకున్నవాళ్లవి. ఎప్పుడో పెళ్లిసందడిలో వైఫై పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చారట. ఆ కుటుంబం మంచిదే. కానీ వాళ్ల పిల్లాడి ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్‌కూ లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉన్న సిస్టం కూతవేటు దూరంలో ఉంది.

ఎవరిదో తేలని వస్తువు పేరు కింద ఎర్ర గీత గీయండి. సాయంత్రానికి అన్ని ఎర్ర గీతలకూ యజమాని దొరకాలి, లేదా వైఫై పాస్‌వర్డ్ మారిపోవాలి.

వయసు అడగండి

ప్రతి సిస్టంలో విండోస్ బటన్ నొక్కి విన్‌వర్ (winver) అని కొట్టండి. ఏ విండోసో, ఏ వెర్షనో చిన్న పెట్టెలో చూపిస్తుంది. పుస్తకంలో రాసుకోండి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మందు వేయడం, అంటే కన్నాలు పూడ్చే అప్‌డేట్లు ఇవ్వడం, 2020 జనవరి 14న ఆపేసింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ఆపేసింది. విడిగా నమోదు చేసుకున్న ఇంటి సిస్టంలకు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా గడువిచ్చింది. మందు ఆగడమంటే సిస్టం ఆగిపోవడం కాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆ తేదీ తర్వాత బయటపడే ప్రతి కన్నం ఆ సిస్టంలో శాశ్వతంగా ఉండిపోతుంది.

మందు వేసుకోకపోతే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే ఏర్పాటులో ఉన్న కన్నానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న అతుకు విడుదల చేసింది. ఆ కన్నంలోంచి దూరి ఫైళ్లకు తాళం వేసే వనాక్రై అనే పురుగు ప్రోగ్రాం మే 12న విరుచుకుపడింది. మధ్యలో 59 రోజులున్నాయి. ఆ 59 రోజుల్లో అప్‌డేట్ నొక్కిన సిస్టంలోకి అది ఆ దారిన దూరలేకపోయింది. నొక్కనివి 150 దేశాల్లో పడిపోయాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

"పాత సిస్టం తీసేయలేమండీ, కాటా దాంతోనే పనిచేస్తుంది" అంటారు జీడి బట్టీలవాళ్లు. అర్థమవుతుంది. తూకం కాటాకు వెనకాల లావుపాటి సీరియల్ పోర్టు కావాలి, దాని సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాడు ఇప్పుడు ఫోనెత్తడు. అలాంటప్పుడు ఆ సిస్టం నుంచి నెట్‌వర్క్ వైరు పీకేయండి. వైఫై ఆపేయండి. తూకాలు మాత్రమే చూసుకుంటుంది, బయటి గాలి తగలదు. రోజూ సాయంత్రం తూకాల ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి, ఆ పెన్‌డ్రైవ్ ఇంకెక్కడా పెట్టకూడదు. మూలన పడున్న ముసలి సిస్టంకి ఇంతకుమించిన రక్షణ లేదు.

మిగతావాటిలో విండోస్ అప్‌డేట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. "నెట్ బ్యాలెన్స్ అయిపోతోందని" ఎవరో ఆపేసి ఉంటారు. రూటర్, డీవీఆర్‌లకు కూడా లోపల వాటిని నడిపే ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్ అని ఒకటుంటుంది, దాని తేదీ కూడా రాయండి. తయారీదారు సైట్లో కొత్తది ఉంటే వేయండి, కరెంటు నిలకడగా ఉండే పూట, యూపీఎస్ మీద పెట్టి మరీ. ఫర్మ్‌వేర్ సగం ఎక్కాక కరెంటు పోతే ఆ బాక్సు ఇటుకరాయే.

రూటర్, డీవీఆర్

రూటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లుంటాయి. వైఫైది అందరికీ తెలుసు. రూటర్ పేజీలోకి వెళ్లేది వేరే, అది బిగించిన రోజు ఏముందో ఈరోజూ అదే ఉంటుంది. బాక్సు వెనక స్టిక్కర్ మీదుంటుంది, లేకపోతే కేబుల్ కుర్రాడు ఊళ్లో అందరికీ పెట్టిన పాస్‌వర్డే మీకూ పెట్టుంటాడు. మార్చండి. మార్చింది పుస్తకంలో రాయండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని చెప్పేవాళ్లున్నారు, ఈ విషయంలో నేను ఒప్పుకోను. చైనాలోనో రష్యాలోనో కూర్చున్నవాడు మీ బీరువాలో నోటుబుక్కు చదవలేడు.

అదే పేజీలో డబ్ల్యూపీఎస్ ఆపండి, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేరే దారి అది. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి, రూటర్ పేజీని బయటినుంచి తెరిచే దారి అది. యూపీఎన్‌పీ ఆపండి, లోపలున్న ఏ వస్తువైనా మిమ్మల్నడక్కుండా బయటికి తలుపు తెరుచుకునే సౌకర్యం అది. తర్వాత పోర్ట్ ఫార్వర్డింగ్ అన్న పేజీకి వెళ్లండి. అక్కడున్న ప్రతి వరసా ఒక తెరిచిన తలుపు. ఎవరు పెట్టారో, ఎందుకో తెలియని వరస ఉంచకండి. వచ్చేపోయే జనానికి వైఫై ఇవ్వాలనుకుంటే గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటుంది, అది ఇవ్వండి. మేడ మీదవాళ్లకు కూడా అదే.

డీవీఆర్ సంగతి కొంచెం తీరిగ్గా చెప్పాలి. మన ఊళ్లలో అన్నిటికంటే నిర్లక్ష్యంగా వదిలేసిన కంప్యూటర్ అదే. అది కంప్యూటరని ఎవరూ అనుకోరు. 2016లో మిరాయ్ అనే పురుగు లోకంలో కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లు లక్షల్లో వశం చేసుకుంది. దాని దగ్గరున్న ఆయుధమల్లా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిట్టా ఒకటి. అరవై రెండు జతలు. యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్, ఇలాంటివి. వాటితోనే ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే కంపెనీ మీద దాడి జరిగితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలపాటు అమెరికాలో తెరుచుకోలేదు.

మీ డీవీఆర్ బయటివాళ్లకు కనిపిస్తోందో లేదో ఇలా చూడండి. రూటర్ పేజీలో వాన్ ఐపీ అని ఒక నంబరుంటుంది, కేబుల్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా అది, రాసుకోండి. అదే వైఫై మీద ఉండి బ్రౌజర్‌లో వాట్ ఈజ్ మై ఐపీ అని వెతకండి, ఇంకో నంబరొస్తుంది. ఇక్కడ ఆగి రెండూ పోల్చాలి. రెండూ వేరైతే, ముఖ్యంగా వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, మీ కేబుల్ కంపెనీ ఒకే బయటి నంబరును చాలామందికి పంచిందన్నమాట. ఆ బయటి నంబరు మీ ఒక్కరిది కాదు, దాన్ని పరీక్షించకండి, అది వీధి మొత్తానికి ఉన్న గేటు.

రెండూ ఒకటే అయితే ఆ నంబరు మీదే. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా పెట్టి, బ్రౌజర్‌లో ఆ నంబరు కొట్టండి. ఏమీ రాకపోతే మంచిదే, కానీ అక్కడితో నిశ్చింత పడొద్దు. బ్రౌజర్ తట్టేది ఒకటి రెండు తలుపులే. మిగతావాటికి పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీయే సాక్ష్యం. కాశీబుగ్గ కొట్లో ఈ పని చేసినప్పుడు ఫోన్‌లో డీవీఆర్ లాగిన్ పేజీ వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశారు. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డ్ వరుసగా ఒకటి నుంచి ఆరు అంకెలు. కొట్టగానే బట్టీ లోపల గింజలేరుతున్న ఆడవాళ్లు, గల్లాపెట్టె మీద ఆయన చెయ్యి, గోడ మీద క్యాలెండర్, అన్నీ ఫోన్‌లో కనిపించాయి. "ఇది ఎవడైనా సూడొచ్చా?" అన్నారు. చూడొచ్చు. ఆ రోజు నుంచి ఆయన ఇక ఆ ప్రశ్న వేయలేదు, జీడిపప్పు లెక్కల ప్రశ్న.

డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చాక యూజర్ల జాబితా కూడా చూడండి. మానేసిన గుమస్తా ఫోన్‌లో కెమెరాల యాప్ ఇంకా పనిచేస్తూ ఉండడం నేను చాలాచోట్ల చూశాను. మనిషి విశాఖలో వేరే ఉద్యోగంలో ఉంటాడు, మీ కొట్టు అతని జేబులో ఉంటుంది.

లోపల్నుంచి తట్టడం

ఎన్‌మ్యాప్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, 1997 నుంచి ఉంది. దానికి బొమ్మల తెరతో వచ్చే రూపం జెన్‌మ్యాప్. దాని సొంత సైట్ నుంచే దించుకోండి. టార్గెట్ అన్నచోట 192.168.1.0/24 అని, ప్రొఫైల్ క్విక్ స్కాన్ అని పెట్టి నొక్కండి. మీ నెట్‌వర్క్ నంబరు వేరైతే మొదటి మూడు గుంపులూ మీ గేట్‌వే చూసి మార్చుకోండి. ఒక్కో వస్తువు మీదా ఎక్కువగా వాడే 100 తలుపులు (పోర్టులు) తట్టి, తెరిచున్నవి చూపిస్తుంది. కొట్టు మూసేశాక చేయండి. చౌకరకం హాజరు మెషిన్లు ఈ తట్టుడుకే బిగుసుకుపోవడం ఉంది, కరెంటు తీసి మళ్లీ వేస్తే లేస్తాయి.

తెరపై వచ్చే తలుపు నంబర్లలో కొన్నిటిని చూడగానే గుర్తుపట్టాలి.

23 తెరిచుంటే అది టెల్‌నెట్, పాస్‌వర్డ్‌ను బహిరంగంగా పంపే పాతకాలపు దారి. మిరాయ్ వచ్చింది ఇదే దారిన. ఆ వస్తువు సెట్టింగ్స్‌లో ఆపండి, ఆపే వీల్లేకపోతే ఆ వస్తువు మార్చే ఖర్చు రాసిపెట్టుకోండి.

445 ఫైళ్ల పంపకం. చాలా సిస్టంలలో తెరిచే ఉంటుంది. ట్యాలీ డేటా ఫోల్డరు అందరూ వాడాలని ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు, అసలు ప్రమాదం అక్కడుంది. ఒక్క సిస్టంలో పురుగు పడితే ఆ ఫోల్డరంతా తాళం పడుతుంది. ఎవరు వాడాలో వాళ్ల పేర్లకే అనుమతివ్వండి. కంట్రోల్ ప్యానెల్‌లో టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ తెరిచి ఎస్‌ఎంబీ 1.0 టిక్కు తీసేయండి, వనాక్రై దూరిన తరం అదే. టిక్కు తీశాక పాత జిరాక్స్ మెషిన్ నుంచి ఫోల్డర్లోకి స్కాన్ ఆగిపోతే కంగారు పడకండి, దానికి ఆ పాత భాషే వచ్చు. స్కాన్‌ను పెన్‌డ్రైవ్‌కో మెయిల్‌కో మళ్లించండి. టిక్కు మాత్రం వెనక్కి పెట్టకండి.

3389 దూరం నుంచి సిస్టంలోకి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్. యజమాని ఇంట్లో కూర్చుని ట్యాలీ చూసుకోవాలని ఎవరో తెరిచి, రూటర్‌లో బయటికి కూడా వదులుతారు. ఫైళ్లకు తాళాలు వేసే ముఠాలకు ఇష్టమైన గుమ్మం ఇదే. "నంబరు 3390 చేశామండీ" అంటారు. నంబరు మారిస్తే తలుపు పక్కింటికి జరగదు, తట్టేవాడికి ఒక్క సెకను ఎక్కువ పడుతుందంతే. ఇంటి నుంచి నిజంగా అవసరమైతే రూటర్‌లోనో విడిగానో వీపీఎన్ (తాళం వేసిన సొరంగం లాంటి దారి) పెట్టించుకుని దాని లోపల్నుంచి రండి. అవసరం లేకపోతే ఈ పూటే మూసేయండి.

1433, 3306 కనిపిస్తే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డేటాబేస్. మీ బిల్లింగ్ సిస్టంలకు తప్ప ఇంకెవరికీ అది కనిపించకుండా ఫైర్‌వాల్‌లో కట్టేయమని సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకు చెప్పండి. వాళ్లు అందరు కస్టమర్లకూ ఒకే డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టారేమో అడగండి. అడిగేవాడున్నాడని తెలిస్తేనే మారుస్తారు.

సిస్టం లోపల మూడు చోట్లు

యాంటీవైరస్ ఉందా అని అందరూ చూస్తారు. అది దేన్ని చూడకుండా వదిలేస్తోందో ఎవరూ చూడరు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అడుక్కి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. దొంగ విండోసో, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేరో ఎక్కించిన కుర్రాడు ఆ క్రాక్‌ను యాంటీవైరస్ పట్టుకోకుండా సీ డ్రైవ్ మొత్తాన్ని అక్కడ పెట్టి వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఆ సిస్టంలో యాంటీవైరస్ పచ్చరంగు టిక్కు చూపిస్తూనే ఉంది. వాచ్‌మన్‌ను పెట్టుకుని ఇంటివైపు వీపు పెట్టి కూర్చోమన్నట్టు. అక్కడ మీకు తెలియనిది ఏదున్నా తీసేసి ఫుల్ స్కాన్ పెట్టండి. అనుమానముంటే కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చే పనిముట్లతో ఇంకోసారి చూడండి.

రెండోది యూజర్లు. రోజూ బిల్లులు కొట్టేవాళ్లు అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉండకూడదు. ఇంకో మామూలు ఖాతా చేసి అందులో కూర్చోబెట్టండి. మొదటి వారం సణుగుతారు, అలవాటవుతుంది.

మూడోది దూరం నుంచి సిస్టం నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్ లాంటివి. అవి చెడ్డవి కావు, నేనూ వాడతాను. కానీ మనిషి లేకపోయినా లోపలికి రాగలిగే పాస్‌వర్డ్ పెట్టుకుని వెళ్లినవాళ్లెందరో యజమానికి తెలియదు. ఆ పాస్‌వర్డ్ తీసేయండి. రిపేరుకు పిలిచినప్పుడే ఇన్‌స్టాల్ చేసి, అయ్యాక తీసేసేలా అలవాటు చేయండి.

మీకు సొంత సైటుంటే

స్కూళ్లు, కాలేజీలవాళ్లు ఇది చదవండి, మిగతావాళ్లు దాటేయొచ్చు.

ఫీజు రసీదు తెరిచినప్పుడు అడ్రస్ బార్‌లో చివర నంబరేమైనా ఉందేమో చూడండి. ఉదాహరణకు 1047. మీ సొంత లాగిన్‌తోనే ఉండి దాన్ని 1048 చేసి ఎంటర్ నొక్కండి. ఇంకో పిల్లవాడి రసీదు, తండ్రి ఫోన్ నంబరుతో సహా వచ్చిందనుకోండి, మీ సైటు లాగిన్ అడుగుతోంది గానీ ఎవరి కాగితం ఎవరికి ఇస్తోందో చూడడం లేదన్నమాట. సైట్ల భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ అనే సంస్థ 2021లో వేసిన పది లోపాల పట్టికలో ఈ జాతి లోపానిదే మొదటి స్థానం. దీనికి విరుగుడుగా నంబర్ల స్థానంలో పొడుగాటి అక్షరాలు పెడతామంటారు డెవలపర్లు. ఒప్పుకోకండి. అక్షరాలు దాపరికమే తప్ప తాళం కావు. రసీదు ఇచ్చే ముందు ప్రతిసారీ సర్వర్ "ఇది ఈ లాగిన్ మనిషిదేనా" అని సరిచూడాలి. ఆ తనిఖీ రసీదులకే కాదు, మార్కులకు, టీసీలకు, ఫొటోలకు, అన్నిటికీ ఉండాలి. ఒక పేజీలో సరిచేసి మిగతావి వదిలేయడం మామూలుగా జరిగే తప్పు.

ఇంకో పరీక్ష. వెతికే గడిలో పేరు మధ్యన సింగిల్ కోట్ గుర్తు ఒకటి వేసి వెతకండి. డేటాబేస్ పేరుతో తప్పు సందేశం తెరమీద వస్తే, మీరు కొట్టిన అక్షరాలు నేరుగా డేటాబేస్ ఆజ్ఞలో కలిసిపోతున్నాయన్నమాట. అక్కడితో ఆగి డెవలపర్‌ను పిలవండి. ఆ గుర్తుల్ని వడకడతామంటే చాలదు, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతో తిరగరాయమనండి. సైటు వర్డ్‌ప్రెస్ అయితే వాడని ప్లగిన్లు తీసేయించండి, ఆపి ఉంచితే చాలదు. సైటును లోపల నడిపే పీహెచ్‌పీ అనే భాష ఏ వెర్షనో కూడా అడగండి. 7.4కు మందు 2022 నవంబర్ 28తో ఆగిపోయింది.

ఏది ముందు పూడ్చాలి

ఈపాటికి పుస్తకంలో రెండు పేజీల కన్నాలుంటాయి. గాబరా పడొద్దు. బయటపడిన కన్నాలకు సీవీఈ నంబర్లిచ్చే పద్ధతి 1999 నుంచి ఉంది, తీవ్రతకు సున్నా నుంచి పది దాకా మార్కులు కూడా వేస్తారు. ఆ మార్కులు పనికొస్తాయి, కానీ మన కొట్టు సంగతి వాటికి తెలియదు. నా లెక్క ఇది: బయటినుంచి తట్టగలిగేది ముందు, దానికి ఎన్ని మార్కులున్నా సరే. మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌కు చాలాసార్లు సీవీఈ నంబరే ఉండదు, ఇంటిని ముంచేది అదే. తర్వాత పాత విండోస్. తర్వాత ఫోల్డర్ల అనుమతులు. లోపలి ప్రింటర్ చిల్లర లోపాలు చివర్న.

ఒక్క అతుకూ వేయకముందే బ్యాకప్ తీయండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూల్చినప్పుడు ఒక కొట్లో సిస్టం, దాని బ్యాకప్ హార్డ్‌డిస్కు ఒకే టేబుల్ మీద తడిసి పోయాయి. బ్యాకప్ రోజూ తీసేవారు, తీసినది అక్కడే పెట్టేవారు. తాళాలేసే పురుగు కూడా తుపానులాగే చూస్తుంది: సిస్టంకి తగిలించి ఉన్న డిస్కును కలిపే మింగేస్తుంది. అందుకే రెండు డిస్కులు పెట్టుకోండి. ఒకటి వైరు పీకి బీరువాలో, ఇంకొకటి ఇంట్లో. వారం వారం మార్చండి. నెలకోసారి ఆ డిస్కులోంచి ఒక పాత ఫైలు వేరే సిస్టంలో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు.

ఆ తర్వాత ఒక్కో కన్నం పూడ్చండి. ఒకదాని తర్వాతే ఇంకోటి. నాలుగు ఒకేసారి మార్చి బిల్లింగ్ ఆగిపోతే దేనివల్లో తెలియదు.

కరెంటు తీసి చూడండి

ఈ మెట్టు నాకు నష్టపడి తెలిసింది. ఒక కొట్లో రూటర్‌లో బయటి తలుపులన్నీ మూసి, ఫోన్‌తో చూసి, పుస్తకంలో "అయింది" అని రాసి వచ్చాను. నెల తర్వాత వేరే పనిమీద వెళ్లి మళ్లీ తట్టి చూస్తే డీవీఆర్ పేజీ నవ్వుతూ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆ రూటర్‌లో మార్పులు చేశాక సేవ్ అని విడిగా ఇంకో పేజీలో నొక్కాలి, నేను నొక్కలేదు. మర్నాడే కరెంటు పోయింది, వచ్చింది, రూటర్ పాత సెట్టింగులతో లేచింది. ఆ నెలంతా ఆ తలుపు తెరిచే ఉంది, మూసేశానని నేను చెప్పిన మాట నమ్మి వాళ్లు నిశ్చింతగా ఉన్నారు. ఎవరూ దూరకపోవడం అదృష్టమే తప్ప నా పనితనం కాదు.

అప్పటినుంచి ప్రతి మార్పు తర్వాతా ప్లగ్గు పీకి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టి, అప్పుడు తట్టి చూస్తాను. మీరూ అలాగే చేయండి. కొన్ని కేబుల్ కంపెనీలు తమ దగ్గర్నుంచే మీ బాక్సు సెట్టింగులు మళ్లీ తోస్తాయి కూడా, కాబట్టి వారం తర్వాత ఇంకోసారి చూడండి. పుస్తకంలో "మూశాను" అన్న గడి పక్కన "మూసుకుందని చూశాను" అని ఇంకో గడి గీసి, తేదీ దాన్లో మాత్రమే వేయండి.

ఇప్పటికే ఎవడో దూరాడని తెలిస్తే

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు కాకూడదు, అప్పటికప్పుడే కదలాలి. నెట్‌వర్క్ వైరు పీకండి, సిస్టం ఆపకండి, ఫార్మాట్ అసలే వద్దు. తెరమీదున్నది ఫోన్‌తో ఫొటో తీయండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన ప్రతి గంటకీ డబ్బు ఇంకో ఖాతాకు జారిపోతుంది. సంస్థలైతే ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలున్నాయి. అడిగిన డబ్బు కట్టేయాలా అంటారు. నా సలహా కట్టొద్దనే. తాళంచెవి ఇస్తాడన్న హామీ ఎవరిస్తారు?

ఇంకొకరి సిస్టంలో కన్నం మీ కంటపడితే, ఉదాహరణకు రసీదు నంబరు పొరపాటున తప్పు కొట్టినప్పుడు, ఇంకో నంబరు కొట్టి చూడకండి. వాళ్లకు చెప్పండి, వినకపోతే సర్ట్-ఇన్‌కు రాయండి. స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అందులో ఉన్నది ఎవరో పిల్లవాడి తండ్రి ఫోన్ నంబరు.

మళ్లీ ఎప్పుడు

మైక్రోసాఫ్ట్ అతుకులు నెలలో రెండో మంగళవారం అమెరికా సమయంలో వస్తాయి, మనకు ఆ రాత్రి, లేదా బుధవారం. ఆ గురువారం కొట్టు మూసే ముందు అన్ని సిస్టంలలో అప్‌డేట్ నొక్కి రీస్టార్ట్ చేయండి. అదే పూట రూటర్ జాబితా పుస్తకంతో పోల్చండి, ఫోన్‌లో మొబైల్ డేటా పెట్టి ఒకసారి తట్టండి. అరగంట పని. జెన్‌మ్యాప్ మూడు నెలలకోసారి చాలు. ఎవరైనా ఉద్యోగం మానితే మాత్రం గురువారం దాకా ఆగకండి, ఆ సాయంత్రమే పాస్‌వర్డ్‌లు మార్చండి. కాశీబుగ్గ ఆయన ఈ పని కూతురికి అప్పజెప్పారు. పుస్తకం అట్ట మీద ఆ అమ్మాయి వచ్చే ఆర్నెల్ల గురువారాల తేదీలూ ముందే రాసి, గల్లాపెట్టె కింద అరలో పెట్టి తాళం వేసుకుంటోంది.